గులాబీ రంగు చుక్కలు

"తలుపు అలా దబాల్న వేస్తే ఏ యంత్రమైనా ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు భర్త, పేపరులోంచి తల ఎత్తకుండానే.

సోమవారం పొద్దున. మైక్రోవేవ్‌లో లైటు వెలుగుతోంది, గాజుపళ్ళెం తిరుగుతోంది, ఫ్యాను రొద పెడుతోంది. రెండు నిమిషాలయ్యాక తీసి చూస్తే పాలగ్లాసు పెట్టినప్పుడెంత చల్లగా ఉందో అంత చల్లగానూ ఉంది. ఆమె ఆ గ్లాసు పట్టుకుని నిలబడి, తలుపు తాను ఎప్పుడు దబాల్న వేసిందా అని నిజంగానే గుర్తు చేసుకోబోయింది. పన్నెండేళ్ళ కాపురంలో అబ్బిన విద్య అది. ఇంట్లో ఏది చెడినా ముందు తన చేతులవైపే చూసుకుంటుంది.

నిజానికి ఆ వీధి మొత్తం మీద మైక్రోవేవ్‌ల సంగతి ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. విడిభాగాల దుకాణంలో ఏడేళ్ళుగా ఫోను దగ్గరి కుర్చీ ఆమెదే. ఒవెన్ సొంతంగా బాగుచేసుకుందామని తలుపు స్విచ్చో, లోపలి మైకా రేకో, పళ్ళెం కింద తిరిగే చక్రమో కావాలని ఫోను చేసేవాళ్ళకు, లక్షణం విని ఏ భాగం పోయిందో చెప్పేది ఆమే. "అక్కడ మగవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వమ్మా" అంటారు సగం మంది. అప్పుడు ఫోను పక్కబల్ల సీనియర్‌కి ఇస్తుంది. ఆయన రిసీవరు చేత్తో మూసి "ఏం చెప్పమంటావ్?" అని ఆమెనే అడుగుతాడు. ఆమె చెప్పిన మాటే గొంతు కాస్త బొంగురు చేసి చెబుతాడు. "ఆఁ, ఇప్పుడర్థమైంది సార్" అంటారు అవతలివాళ్ళు. ఆమెకు ఒకప్పుడు ఒళ్ళు మండేది. ఈమధ్య నవ్వు వస్తోంది, మంట తగ్గి కాదు, రోజూ మండటానికి ఓపిక లేక.

ఈ తమాషా దుకాణం పెద్దాయన ఎన్నాళ్ళనుంచి చూస్తున్నాడో గాని, శనివారం ఆమెను పిలిచి కూర్చోమన్నాడు. "సొంతంగా బాగుచేసుకునేవాళ్ళ కోసం సాయంత్రాలు క్లాసు పెడదామనుకుంటున్నానమ్మా. వారానికి మూడు రోజులు, ఆరు నుంచి ఎనిమిది. చెప్పేది నువ్వు. బయట బోర్డు మీద నీ పేరే రాయిస్తా. గురువారం పొద్దుటికల్లా ఏ సంగతీ చెప్పు. కుదరదంటే ఇంకొకర్ని చూసుకుంటాను." ఆమె ఆ రోజు బస్సు ఎక్కలేదు. బోర్డు మీద తన పేరు ఏ రంగులో ఉంటే బాగుంటుందో ఆలోచిస్తూ ఇంటిదాకా నడిచింది.

"నీ ఇష్టం" అన్నాడు భర్త ఆ సాయంత్రం. ఆ మాటకు ఎప్పుడూ ఒక తోక ఉంటుంది. "ఇంట్లో మాకు ఇబ్బంది లేకుండా చూసుకో, అంతే."

ఇబ్బంది అంటే రాత్రి భోజనం. అత్తగారికి చేతులు వణుకుతాయి. ఒకసారి స్టవ్ ఆర్పడం మరిచిపోయినప్పటినుంచి, ఆ దరిదాపులకు వెళ్ళొద్దని కొడుకు ఆజ్ఞ. పోనీ తాను వెళతాడా అంటే, అతనికి వంటింట్లో ఏదీ చేతకాదు. వంటింట్లో ఏమిటి, ఏ గదిలోనూ ఏదీ చేతకాదు. "నాకు బల్బు మార్చడం కూడా రాదండీ" అని నలుగురిలో నవ్వుతూ చెప్పుకుంటాడు, అదేదో బిరుదైనట్టు. పెళ్ళైన కొత్తలో ఆమెకు ఆ మాట ముద్దుగానే ఉండేది. ఊడిన కుళాయి, రాలిన బొత్తాం, తల్లి మందుల చీటీ, అన్నీ ఆ ముద్దులోంచే ఒకటొకటిగా ఆమె చేతుల్లోకి వచ్చిపడ్డాయి. సరే, పొద్దున్నే వండేసి డబ్బాల్లో పెట్టి వెళతాననుకుంది. రెండు నిమిషాలు ఒవెన్‌లో పెట్టుకుంటే చాలు. ఆమె మూడు సాయంత్రాలూ ఆ రెండు నిమిషాల మీదే ఆధారపడి ఉన్నాయి. సరిగ్గా ఆ రెండు నిమిషాలే ఇప్పుడు పోయాయి.

"కొత్తది ఇప్పుడప్పుడే కుదరదు" అన్నాడు భర్త పేపరు మడుస్తూ. "క్లాసుల సంగతి వచ్చే ఏడాది చూద్దాంలే."

చెడింది ఒవెన్. క్లాసుల మాట తను ఎత్తనే లేదు. ఇంకా విచిత్రం, పాలు గోరువెచ్చన అయితేనే మొహం చిట్లించే మనిషి, ఆ చల్లటి గ్లాసు ఒక్క మాట అనకుండా ఖాళీ చేసి లేచాడు. ఆమె ఖాళీ గ్లాసును చూస్తూ ఉండిపోయింది.

అనుమానం ఒకసారి లోపలికొచ్చాక ఊరికే కూర్చోదు కదా. ముందు అత్తగారి మీదికే పోయింది. ఆవిడకు ఆ పెట్టె అంటే మొదటినుంచీ గిట్టదు. పైగా ఆదివారం లెక్క చూడాల్సిన సరుకు ఉందని ఆమె దుకాణానికి వెళ్ళి సాయంత్రం తిరిగొస్తే, గుమ్మంలోనే ఆవిడ ఒక చురక వేసింది. "గోళ్ళకి రంగులేసుకునే తీరిక మాత్రం ఉంటుంది. ఇల్లంతా ఒకటే వాసన. మధ్యాహ్నం కన్ను మూతపడితే ఒట్టు." ఆమె తన గోళ్ళు చూసుకుంది. దుకాణం దుమ్ము తప్ప వాటి మీద ఏ రంగూ లేదు. అత్తగారి మాటలన్నిటికీ అర్థాలు వెతకడం ఎప్పుడో మానేసింది కాబట్టి, దాన్నీ వదిలేసింది.

మంగళవారం మాటల్లో పెట్టి అడిగింది. "ఒవెన్ ఎవరైనా కదిపారా అత్తయ్యా?"

"నాకేం పని దాంతో? గ్లాసు పట్టుకుంటేనే సగం ఒలికిపోతోంది, అంత బరువు నేను కదుపుతానా?" అంది అత్తగారు. ఆ వణికే వేళ్ళను చూసి ఆమెకు సిగ్గేసింది. అనుమానం మాత్రం పోలేదు, చోటు మారింది.

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చింది. ప్లగ్గు తీసి, ఒవెన్‌ను బల్ల మీదికి చేర్చి, వెనక్కి తిప్పింది.

వాళ్ళ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన ఒవెన్ మూత బిగించాక, ప్రతి స్క్రూ తల మీదా, దాని పక్కన రేకు మీదా కలిసేలా ఒక చుక్క గోళ్ళరంగు పెడతారు. తర్వాత ఎవరైనా విప్పితే ఆ చుక్క పగులుతుంది. "నేను తెరవలేదండీ" అని బుకాయించేవాళ్ళను పట్టుకోవడానికి అంతకన్నా మంచి ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఆరు నెలల కిందట తలుపు స్విచ్చు మార్చినప్పుడు, అలవాటు కొద్దీ తన ఒవెన్‌కూ ఆరు చుక్కలు పెట్టింది. దుకాణంలోది చిక్కటి ఎరుపు.

ఇప్పుడు చుక్కలు ఆరూ ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు. అన్నీ గులాబీ రంగులో ఉన్నాయి.

ఆమె నెమ్మదిగా లేచి పడగ్గదిలోకి వెళ్ళింది. బీరువా పై అరలో, చీరల వెనక, కిందటి పెళ్ళిరోజుకు భర్త తెచ్చిచ్చిన గోళ్ళరంగు సీసా ఉంది. ఆ రంగు తనకు నప్పదని మూత కూడా తీయలేదు. ఆ మూత ఇప్పుడు వేలు తగలగానే తిరిగింది. సీసా మెడ చుట్టూ రంగు ఇంకా జిగటగా ఉంది. గుప్పున వాసన వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అత్తగారిని పడుకోనివ్వని వాసన.

పరికరాల సొరుగు తీసింది. ఒవెన్‌లో కెపాసిటర్ అని ఒకటుంటుంది. ప్లగ్గు తీసినా కరెంటును దాచుకుని, చెయ్యి పెట్టినవాళ్ళ ప్రాణం తీయగలదు. ముందు దాన్ని ఖాళీ చేయాలి. అందుకు వాడే తీగను ఆమె ఎప్పుడూ రబ్బరుబ్యాండుతో కడుతుంది. అదిప్పుడు దారంతో కట్టి ఉంది. ఒవెన్ మూత విప్పి, కెపాసిటర్ ఖాళీ చేసి, లోపలికి చూసింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్ళే తీగ ఊడదీసి పక్కకు వంచి ఉంది. అది దానంతటదే ఊడేది కాదు. కొసన ఒక చిన్న నాలుక ఉంటుంది. గోటితో దాన్ని నొక్కి పట్టి లాగితేనే వస్తుంది. బలంగా లాగితే రాదు.

ఇదంతా భర్తకు చెప్పింది ఎవరు? తనే. స్విచ్చు మార్చిన రోజు భోజనాల దగ్గర ఉత్సాహం పట్టలేక చుక్కల సంగతి, నాలుక సంగతి, కెపాసిటర్ సంగతి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. అతను ఫోను చూసుకుంటూ "ఊఁ" అన్నాడు. ఇంకోసారి "ఊఁ" అన్నాడు. వినడం లేదనుకుంది. పన్నెండేళ్ళలో ఆమె చెప్పినవాటిలో అతను శ్రద్ధగా విన్నది ఆ ఒక్కటే.

కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు వచ్చింది కోపం కాదు. చెయ్యి జారి ఉంటే ఏమయ్యేవాడో అన్న భయం. తనకింకా ఆ భయం వేస్తున్నందుకు అప్పుడు కోపం వచ్చింది. బల్బు మార్చడం రానివాడు ఆరు స్క్రూలు రేకు మీద గీత పడకుండా విప్పాడు. నాలుక నొక్కాడు. మళ్ళీ బిగించాడు. చుక్కలు కూడా పెట్టాడు. మరి ఇన్నేళ్ళూ రానిదేమిటి? కుళాయిలు, బొత్తాలు, మందుల చీటీలు వరసగా కళ్ళముందు తిరిగాయి. ఆమెకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది.

తర్వాత మొహం కడుక్కుని పెద్దాయనకు ఫోను చేసింది. "రేపటినుంచే వస్తానండీ. బోర్డు రాయించండి."

ఏడింటికి భర్త వచ్చేసరికి భోజనాల బల్ల మీద మూత తీసిన ఒవెన్, దాని పక్కన స్క్రూలు, చల్లటి డబ్బాలు, కంచాలు ఉన్నాయి. అత్తగారు అప్పటికే కుర్చీలో కూర్చుని ఉంది.

"బాగైందా?" అన్నాడు.

"ఏమీ చెడలేదు. ఒక తీగ ఊడింది."

"మరి పెట్టెయ్యలేకపోయావా?"

ఆమె గులాబీ సీసా తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. మూత వదులుగా ఉంది.

"అదిగో, మళ్ళీ అదే వాసన" అంది అత్తగారు ముక్కు మూసుకుంటూ. "ఆదివారం కూడా ఇంతే."

"ఆదివారం నేను ఇంట్లో లేను అత్తయ్యా."

అత్తగారు సీసాను చూసింది. కొడుకును చూసింది.

"ఇవన్నీ నాకు చేతకావని నీకు తెలుసుగా..." అలవాటు కొద్దీ మొదలుపెట్టి, అతను మధ్యలోనే ఆగాడు.

"చేతనవును" అంది ఆమె. "ఆరు స్క్రూలకూ ఒక్క గీత పడలేదు. మా సీనియర్‌కి కూడా అంత శుభ్రంగా రాదు." స్క్రూడ్రైవరు సీసా పక్కన పెట్టి కూర్చుని, చల్లటి భోజనం తనకు వడ్డించుకుంది. "రేపటినుంచి నాకు క్లాసులున్నాయి. కెపాసిటర్ ఖాళీ చేసే ఉంచాను, భయం లేదు. తిన్నాక ఆ తీగ పెట్టి, మూత మీరే బిగించండి. రేపు దుకాణం నుంచి ఎరుపు తెస్తాను. చుక్కలు మాత్రం నేను పెడతాను."