కాగితం లేదు

నేను ఒక ప్రింటరును. ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. చెప్పుకోవడానికి అక్కడ నాకు పదకొండు వాక్యాలు నేర్పి పంపారు. మనుషుల మధ్య బతకడానికి పదకొండు చాలవని వాళ్లకు తెలియదు, పాపం.

తణుకు బస్టాండు వెనక వీర్రాజు గారి జిరాక్సు కొట్లో ఆరేళ్లు పనిచేశాను. ఆయన రోజూ తిట్టేవారు, రోజూ తుడిచేవారు. దసరాకు బొట్టు పెట్టి, నెత్తిన అక్షింతలు చల్లేవారు. ఓ ఏడు భక్తి ఎక్కువై గుప్పెడు చల్లారు.

మర్నాడు ఎనిమిదిన్నరకు సత్యవేణి అనే అమ్మాయి రొప్పుతూ వచ్చింది. నర్సింగు ప్రవేశపరీక్ష. సందు చివరి కాలేజీలోనే, కానీ తొమ్మిదింటికి గేటు మూసేస్తారు. హాల్‌టికెట్టు లేనిదే రానివ్వరు.

వీర్రాజు గారు మీట నొక్కారు. నా చిన్న తెర మీద 'కాగితం లేదు' అని వెలిగింది.

"లేకపోవడమేంటి, ఇప్పుడేగా పెట్టాను!"

కట్ట తీసి, దులిపి, మళ్లీ పెట్టారు. లేదన్నాను. కొత్త కట్ట విప్పి పెట్టారు. లేదన్నాను. కాగితం ఉందో లేదో తడిమి చూసుకోవడానికి నాకు వేలెడంత పుల్ల ఒకటుంది. దాన్ని కదలనివ్వకుండా ఓ అక్షింత ఇరుక్కుంది. నాకు తెలుసు. చెప్పడానికి ఆ పదకొండింట్లో అక్షింతల వాక్యం లేదు.

"ఇంకో కొట్టేదైనా ఉందాండీ?" అమ్మాయి సందులోకి తొంగి చూసింది.

"పండగ మర్నాడు ఎవరు తీస్తారమ్మా? నిన్న దీనికి పూజ కూడా చేశాను. విశ్వాసం లేదు."

సత్యవేణి నా వంక చూసింది. కాగితాల అంచున ఒక పసుపు గింజ కనబడింది.

"అక్షింతలు ఎక్కడ వేశారండీ?"

"దాని నెత్తినే."

ఆ పిల్ల వైరు పీకి, నన్ను అమాంతం ఎత్తి బోర్లించింది. గింజలు బల్ల మీద జలజల రాలాయి.

"దీవిస్తే దీవించారు గానీ, నోట్లో పోశారేంటండీ!"

వైరు మళ్లీ తగిలించి మీట నొక్కారు. ఈసారి నేనేమీ అనలేదు. హాల్‌టికెట్టు వెచ్చగా బయటికొచ్చింది. వీర్రాజు గారు రాలిన గింజలే ఏరి, ఆ పిల్ల నెత్తిన వేశారు.

"పరిగెత్తమ్మా!"

గేటు అందిందని సాయంత్రం వచ్చి చెప్పింది. వెళ్తూ నా మూత మీద ఓసారి చెయ్యి వేసింది. తర్వాత నన్నెవరూ అలా ముట్టుకోలేదు.

ఇప్పుడు పాత సామాన్ల కొట్లో, ఒక కుక్కరు పక్కన ఉన్నాను. ఇక్కడ నిజంగానే కాగితం లేదు. చెబుదామంటే కరెంటూ లేదు.