సీలు వేసిన గోదాములోంచి హాజరు

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరేళ్ళు దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ తడబడతాయి. ఒక పేజీ రాయడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. తప్పులుంటే మన్నించి, ఓపిక పట్టి చదవమని కోరుతున్నాను.

రాష్ట్రాలు విడిపోయిన ఏడు, అంటే పంతొమ్మిది వందల యాభై మూడులో, నేను బళ్ళారిలో సర్కారు ధాన్యం డిపోలో ఊడ్చేదాన్ని. నా భర్త అక్కడే హమాలీగా బస్తాలు మోసేవాడు. ఆయన పోయాక ఆ డిపోలోనే నాకు ఊడ్చే పని ఇచ్చారు. రోజుకూలి. ఇంట్లో అత్త, తొమ్మిదేళ్ళ కూతురు. నా పేరు మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఉన్నంత కాలమే వాళ్ళిద్దరికీ ముద్ద.

అక్టోబరు ఒకటి నుంచి బళ్ళారి మైసూరులో కలుస్తుందన్నారు. ఆదోని ఆంధ్రలో ఉండిపోతుందన్నారు. గోదామూ అందులోని ధాన్యమూ మద్రాసు సర్కారు మైసూరు సర్కారుకు అప్పగించాలి. ఉద్యోగుల్లో ఎవరు ఏ రాష్ట్రానికి పోతారో కాగితం రాసివ్వమన్నారు. రెండు నెలలు ఆఫీసులో ఇంకో మాట లేదు.

"ఏమప్పా హులిగప్పా, నువ్వు యా పక్కకు?" అని హమాలీలు కాపలావాణ్ణి అడిగేవాళ్ళు.

"నా గుడిసె యా పక్కకు పోతే నేనూ ఆ పక్కకే. దాన్ని ఇప్పి తీసుకపోయేదానికి ఈలు కాదు" అనేవాడు హులిగప్ప.

స్టోరుకీపరు సీతారామారావుగారిది కృష్ణా జిల్లా. ఆయన ఆంధ్రకు రాసిచ్చాడు. ఆదోనిలో పోస్టు దొరికింది. సామాను ముందే పంపేసి, ఒక ట్రంకుపెట్టెతో ఆఫీసులోనే ఉంటున్నాడు.

కూలివాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. మాకు చెప్పింది ఒకటే. ఒకటో తేదీ పొద్దున కొత్త ఆఫీసరు వచ్చి మస్టరులో పేర్లు పిలిపిస్తాడు. పలికినవాళ్ళను కొత్త మస్టరులో రాసుకుంటాడు. పలకనివాళ్ళను కొట్టేస్తాడు. మనుషులు లేని పేర్లు మస్టరులో చాలా ఉన్నాయని వాళ్ళకు ఎవరో చెప్పారట.

ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం గోదాముకు తాళం వేసి, మద్రాసు ఆఫీసరు లక్కతో సీలు కొట్టాలి. తలుపు వేసే ముందు కాపలావాడు కర్రతో బస్తాలు తడుతూ సందులన్నీ తిరిగి, "లోపల ఎవురన్నా ఉండారా" అని మూడుసార్లు కేకేయాలి. ఆ తరువాత లోపల మనుషులెవరూ లేరని కాగితం మీద స్టోరుకీపరు సంతకం చేస్తాడు, కాపలావాడు వేలిముద్ర వేస్తాడు. ఏ రోజూ తప్పని పద్ధతి అది.

ఆ రోజు తప్పింది. ఆంధ్రకు పోయేవాళ్ళకు వీడ్కోలని ఆవరణలో కుర్చీలు వేసి ఫోటో పెట్టుకున్నారు. ఆ రోజు బళ్ళారిలో ప్రతి ఆఫీసులోనూ వీడ్కోలే. ఫోటో ఆయన సైకిలు మీద ఒక్కడే అన్ని ఆఫీసులూ తిరుగుతున్నాడు.

"నాకింకా నాలుగు ఆఫీసులుండాయి సార్. బిర్రున వచ్చి కూచుంటే తీస్తా, లేకుంటే పోతా" అని అరుస్తున్నాడు.

చివర కర్ర పట్టుకుని నిలబడడానికి హులిగప్పను పిలిచారు. ఫోటో కాగానే ఆఫీసరు రైలు టైమయిందని తొందర పెట్టాడు. హులిగప్ప సందులు తిరగలేదు.

నేను ఆఖరి బస్తాల దొంతికీ గోడకూ మధ్య చిందిన జొన్నలు ఊడుస్తున్నాను. దుమ్ముకు ముక్కూ చెవులూ కలిపి గుడ్డ కట్టుకున్నాను. ఉన్నట్టుండి వెలుతురు తగ్గింది. మబ్బు పట్టిందనుకున్నాను. చాటలో జొన్నలు ఎత్తుకుని ముందుకు వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

తలుపు కొట్టాను. ఇనుప రేకు తాపిన తలుపు. బయట చప్పట్లు కొడుతున్నారు. ఎవరికో దండ వేస్తున్నారు కాబోలు. నా చేతుల చప్పుడు హులిగప్ప చెవిన పడేసరికి ఆఫీసరు ఎక్కిన జట్కా స్టేషను దారి పట్టింది.

గోదాము వెనక గోడలో, నేలకు జానెడు ఎత్తున, గాలి ఆడడానికి ఒక కన్నం ఉంది. దానికి ఇనుప వల బిగించి ఉంటుంది. హులిగప్ప అక్కడికి వచ్చి వంగాడు. నేను లోపల బోర్లా పడుకుని మాట్లాడాను.

"వెంకటరామీ, లోపల ఉండేది నువ్వేనా?"

"నేనే అన్నా. తలుపు తియ్యి."



"యాడ తీసేది మే. లక్క పోసి ముద్ర కొట్టి పాయ. లోపల ఎవురూ లేరని నేను ఏలిముద్ర కూడా ఏస్తి."

పోయి సీతారామారావుగారిని పిలుచుకొచ్చాడు. కన్నంలోంచి నాకు ఆయన బూట్లూ పంచె అంచూ మాత్రమే కనబడ్డాయి.

"వెంకటరామీ, నే చెప్పేది విను. ఇప్పుడు సీలు పగలగొడితే నాలుగు వేల బస్తాలూ మళ్ళీ తూకం వెయ్యాలి. నన్ను ఇక్కణ్ణించి కదలనివ్వరు. హులిగప్ప ఉద్యోగం ఊడుతుంది. రేపు పొద్దున కొత్త ఆఫీసరు సీలు తీయిస్తాడు. తలుపు తీయగానే ముందు వీడు లోపలికి వస్తాడు. నువ్వు చీపురు పట్టుకుని వీడి వెనకే బయటికి వచ్చెయ్. ఎవరూ పట్టించుకోరు."

"పొద్దున పేర్లు పిలుస్తారంట గదయ్యా."

"తలుపు తీశాకే పిలుస్తారు. ఒకవేళ ముందే పిలిస్తే నీళ్ళకు పోయిందని నేను చెబుతాను. నేనున్నాగా."

బూట్లు వెళ్ళిపోయాయి.

కొంతసేపటికి హులిగప్ప చెంబుతో నీళ్ళూ, రుమాల్లో బొరుగులూ తెచ్చాడు. వలలోంచి రొట్టె ముక్క కూడా దూరదు. బస్తాలో పొడిచి గింజలు బయటికి తీసి చూసే ఇనుప గొట్టం ఒకటి మా డిపోలో ఉండేది. ఆ గొట్టం మొనను వలలో దూర్చాడు.

"నోరు పెట్టు. పోస్తాండా."

నీళ్ళు సగం నా మెడ మీద పోయాయి. తరువాత బొరుగులు పోశాడు. సగం నోట్లో పడ్డాయి, సగం నేల మీద.

"సిద్దక్క సూస్తే నన్ను సంపుతాది" అన్నాడు. సిద్దక్క ఆయన భార్య. "పెండ్లయి ఇరవై ఏండ్లాయ, ఆమెకు నేను ఒగ దినం కూడా ఇట్ల తినిపిచ్చలేదు."

నాకు నవ్వు వచ్చింది. ఆ తరువాత ఏడుపు వచ్చింది.

"మా అత్తకు చెప్పన్నా."

"చెప్పొస్తి. రాత్రి డూటీ అంటి. ఊడ్సేదానికి రాత్రి డూటీ ఏందప్పా అని నన్ను ఎగాదిగా సూసె. బిడ్డ తిని పండుకునింది, నువ్వేం భయపడాకు."

ఆ రాత్రి గురించి ఎక్కువ రాయను. గోనె వాసన, వేడి, ఎలుకలు. దొంతి ఎక్కి పడుకుంటే బస్తా జారుతుందని భయం. కాలకృత్యానికి ఒక చినిగిన గోనె తీసుకుని మూలకు పోయాను. నేను ఊడ్చి శుభ్రం చేసిన మూలే అది. పొద్దున దాన్ని చుట్టి చాట కింద దాచాను.

తెల్లవారాక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఆవరణలో మనుషుల అలికిడి. కుర్చీలు లాగుతున్నారు. తాళంచెవుల చప్పుడు కోసం వింటున్నాను. అది వినబడలేదు. హెడ్‌క్లర్కు శివరామకృష్ణయ్యగారు గొంతు సవరించుకుని పేర్లు చదవడం మొదలుపెట్టారు.

కొత్త ఆఫీసరు తలుపు కంటే ముందు మనుషుల్ని చూసుకుంటానన్నాడట.

ముందు గుమాస్తాలు. తరువాత ప్యూన్లు. "హులిగప్ప" అన్నారు. "ఇద్దీని సామీ" అని ఆయన కన్నడంలో పలికాడు. తరువాత హమాలీలు ఒక్కొక్కరే పలికారు. ఆఖరున ఊడ్చేవాళ్ళం ముగ్గురం. మొదటి ఇద్దరూ పలికారు.

"వెంకటరామి."

సీతారామారావుగారి మాట కోసం చూశాను. లేదు.

"వెంకటరామి" అని మళ్ళీ పిలిచారు.

అప్పుడు ఆయన గొంతు వినబడింది. "ఆవిడ ఆంధ్రకు పోయిందండీ. నిన్ననే రైలెక్కింది."

నీళ్ళకు పోయిందంటే పిలుచుకు రమ్మంటాడని భయపడ్డాడేమో. ఆ క్షణంలో అంతకంటే సులువైన మాట ఆయనకు తోచలేదేమో. నేనిప్పుడు అలా అనుకుంటాను. అప్పుడు నాకు వినబడింది శివరామకృష్ణయ్యగారి మాట ఒక్కటే.

"అయితే కొట్టేస్తున్నానండీ."

నేను పలికితే హులిగప్ప ఏమవుతాడో నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. నా నోట్లో ఆయన పోసిన నీళ్ళ తడి ఇంకా ఉంది. అయినా తలుపుకు నోరు ఆనించి అరిచాను.

"ఉండా అయ్యా. ఈడ ఉండా."

 బయట ఒక హమాలీ నవ్వాడు. అతని వెంట అందరూ నవ్వారు. బూట్ల చప్పుడు తలుపు దాకా వచ్చింది.

"ఎల్లిద్దీయమ్మా?" అని, ఎక్కడున్నావని కన్నడంలో అడిగాడు కొత్త ఆఫీసరు.

"గోదాములో అయ్యా. నిన్న మద్యాన్నం నుంచి."

ఆయన తలుపు దగ్గరే ఆగాడు. సీలు చూస్తున్నాడు కాబోలు. తరువాత వెనక్కి తిరిగి, "హాజరు బరీరి" అన్నాడు. హాజరు రాయండి అని.

వెంటనే తలుపు తీయలేదు. ముందు కాగితం రాయాలన్నాడు. సీలు చెక్కుచెదరలేదని, లోపల మనిషి ఉందని రాసి, సాక్షుల సంతకాలు పెట్టించేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. మస్టరులో ఉన్నాను. గోదాములోనూ ఉన్నాను.

తలుపు తెరిచాక ఆయన లోపలంతా తిరిగాడు. వెనక కన్నం దగ్గర నేల మీద బొరుగులు చూశాడు.

"నీళ్ళూ తిండీ ఎవరిచ్చారు?" అని అడిగాడు. ఆ మాట శివరామకృష్ణయ్యగారు నాకు తెలుగులో చెప్పారు.

నేను తల వంచుకున్నాను. హులిగప్ప ముందుకు వచ్చి, "నేనే సామీ" అన్నాడు.

"స్టోరుకీపరుకు తెలుసా?"

హులిగప్ప సీతారామారావుగారి వైపు చూశాడు. "తెలీదు సామీ."

ఆఫీసరు నన్ను అడిగాడు, స్టోరుకీపరు నీతో మాట్లాడాడా అని. సీతారామారావుగారు నా ఎదురుగా అవే బూట్లతో నిలబడి ఉన్నాడు. మస్టరులో నా పేరు పక్కన సిరా ఆరి మూడు గంటలైనా కాలేదు. ఏది చెబితే దాన్ని మళ్ళీ కొట్టేస్తారో నాకు తెలియదు.

"లేదయ్యా" అన్నాను.

ఎనిమిది రోజులు బస్తాలన్నీ మళ్ళీ తూకం వేశారు. ఒక్క బస్తా తేడా రాలేదు. తొమ్మిదో రోజు సీతారామారావుగారు ఆదోనికి వెళ్ళిపోయాడు. అదే రోజు హులిగప్పను పనిలోంచి తీసేశారు. ఆయన కర్రా, ఇత్తడి బిళ్ళా బల్ల మీద పెట్టి, నా పక్కనుంచే గేటు దాటి పోయాడు. నేను ఊడుస్తున్నాను. ఇద్దరం పలకరించుకోలేదు.

ఏడేళ్ళకు నన్ను పర్మనెంటు చేశారు. మా ఆఫీసులో ఎవరికి బదిలీ అయినా, ఎవరు రిటైరైనా టీ ఇచ్చేటప్పుడు ఈ కథ చెప్పుకుని నవ్వుతారు. "వెంకటరామమ్మా, ఆ రోజు ఎట్లా అరిచినావో ఒకసారి అను" అని కొత్త గుమాస్తాలు అడుగుతారు. వాళ్ళు చెప్పే కథలో హులిగప్ప లేడు.

అరవై ఒకటిలో నా కూతురు గుంతకల్లులో కాపురానికి పోయింది. నన్నూ వచ్చి తనతో ఉండమంది. నాకూ పోవాలనే ఉంది. పని మానుకుంటున్నానని హులిగప్పకు చెప్పాలనిపించింది. సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళిలో, ఆంధ్ర నుంచి వచ్చి వరి పెట్టుకున్న వాళ్ళ కళ్ళానికి కాపలా ఉంటున్నాడని తెలిసి బస్సెక్కాను.

గుడిసె ముందు సిద్దక్క వడ్లు చెరుగుతోంది. నన్ను చూసి చాట ఆపలేదు.

"రామ్మా పర్మనెంటు. కూచో. ఈడ కుర్చీల్లేవు."

"అన్న లేడా అక్కా?"

"యాడికి పోతాడు, తీసేసినోడు."

హులిగప్ప లోపలినుంచి వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చుని అన్నీ అడిగాడు. మూల గోదాము కారేది బాగు చేసినారా. ఇప్పుడు కాపలా ఎవరు. గేటు పక్క తూకం రాళ్ళు మార్చినారా. నేను ఒక్కొక్కటే చెప్పాను. కొత్త కాపలావాడు శ్రీమన్నారాయణ పగలే నిద్రపోతాడంటే గట్టిగా నవ్వాడు.

"ఆ రావు సారు ఆదోని నుంచి చిట్టీ రాసి నన్ను మళ్ళా ఎక్కిస్తాననె. అందుకే తెలీదంటి" అన్నాడు తరువాత.

"రాసినాడా?"

"రాసినాడేమో. పోస్టు రాలే."

"నేను పని మానుకుంటాండా అన్నా. అది చెప్పి పోదామని వస్తి."

సిద్దక్క చాట కింద పెట్టింది. "మానుకో. ఈయప్పది పాయ, నీదీ పోతే ఇద్దరికీ సమమైతాది" అంది.

హులిగప్ప కళ్ళం వైపు చూశాడు.

"మానాకు మే" అన్నాడు. "నువ్వూ పోతే నాది ఊరికే పోయినట్టు. ఉండేంత దినం ఉండు."

సిద్దక్క లేచి లోపలికి పోయి ఒక లోటా మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది. తాగి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేశాను.

ఎందుకు అలా అన్నావని నేనాయన్ను అడగలేదు. మరుసటి రోజు పొద్దున డ్యూటీకి పోయాను. గుంతకల్లుకు జాబు రాయించాను, ఇప్పుడే కుదరదని. ఆ తరువాత ఏడేళ్ళుగా అదే గోదాము ఊడుస్తున్నాను. మొన్న కూతురు మళ్ళీ అడిగింది. ఈసారి జాబు నేనే రాశాను. రాసింది మాత్రం అదే మాట.

వెంకటరామమ్మ,
వయసు సుమారు యాభై,
ప్రస్తుతం బ్రూస్‌పేట, బళ్ళారి.