మిట్టమధ్యాహ్నపు పాలు

గాలి.

పొద్దెక్కిన దగ్గర్నుంచి ఒకటే గాలి. ఎండిన వేరుశనగ చేల మీదుగా, గులకరాళ్ళ మీదుగా, ఎర్రమట్టిని ఎత్తుకొచ్చే గాలి. ఆ మట్టి తలుపు సందుల్లోంచి దూరుతుంది. కుండ మూతల మీద పేరుకుంటుంది. అన్నం ముద్దలో కరకరమంటుంది.

రెండువేల మూడు. తనకల్లుకు అవతల, గుట్టల వెనక ఉన్న ఆ పల్లెలో వరసగా మూడో ఏడూ వాన లేదు.

మట్టిమిద్దెలో, దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో, నాలుగు నెలల బిడ్డ. పేరు ఉమ.

ఉయ్యాల పక్కన గోడకు ఆనుకొని బిడ్డ అవ్వ, బయమ్మ. రెండు కళ్ళకూ పొరలు కమ్మి, వెలుతురూ నీడా తప్ప ఇంకేమీ తెలియని మనిషి. ఒక చేతిలో ఉయ్యాల తాడు.

గడప దగ్గర, చంకలో గంపతో గంగరత్న. బిడ్డ తల్లి. ఇరవై ఏళ్ళది.

"పోయొస్తానత్తా."

"పోయిరా. బిడ్డని నేను సూసుకుంటా."

చూసుకుంటానంటుంది — చూపు లేని మనిషి.

గంగరత్నకు వేరే దారి లేదు. మొగుడు తిప్పేస్వామి బిడ్డకు నెల నిండకముందే ఇళ్ళు కట్టే బేల్దారి పనికి బెంగళూరు పోయాడు. ఎండిపోయిన చెరువులో కరువు పని పెట్టారు. పూడికమట్టి తవ్వాలి, గంపకెత్తాలి, కట్ట మీద పోయాలి. కూలి కింద బియ్యం ఇస్తారు. పనికి పోని ఇంట్లో పొయ్యి వెలగదు.

పొద్దున పోయేముందు ఒకసారి పాలిస్తుంది. మళ్ళీ సాయంత్రమే. మధ్యలో అవ్వ చెంచాతో పోసే గంజితేట.

పాలు తగ్గుతున్నాయి.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మొదట్లో నిండుగా ఉండేవి, రవిక తడిసిపోయేది. తర్వాత తడవడం మానింది. తర్వాత… బిడ్డ లాగుతుంటే నొప్పి ఒక్కటే వచ్చేది. బిడ్డ వదిలి, ఆమె మొహంలోకి చూసేది. ఏడవకుండా చూసేది.

ఆ చూపు ఏడుపు కంటే కష్టం.

ఒకరోజు సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కొని, బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

బిడ్డ మొహం పక్కకు తిప్పుకుంది.

మళ్ళీ రొమ్ముకు ఆనించింది. మళ్ళీ తిప్పుకుంది.

ఏడవలేదు. అలసటా లేదు. పొట్ట నిండుగా, బిగువుగా ఉంది. పెదవి మూల ఏదో తెల్లగా ఎండింది. గంగరత్న వంగి వాసన చూసింది.

పాలు.

"అత్తా, బిడ్డకేం పోసినావు?"

"నేనేం పోస్తా? మద్యాన్నం నువ్వే వచ్చి పాలిచ్చి పోతివి కదా."

బిడ్డ వీపు మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

మధ్యాహ్నం ఆమె చెరువులో ఉంది. నెత్తిన గంప ఉంది. ముప్పైమంది చూస్తుండగా కట్ట ఎక్కుతోంది, దిగుతోంది.

"నేను రాలేదత్తా."

"రాకేం? గడప దాటితివి, బిడ్డనెత్తుకుంటివి. గుటకలేస్తాంటే నాకినపడలేదా? మాట్లాడకుండా పోతివి, పనికి పొద్దాయనేమో అనుకుంటి."

గంగరత్న నవ్వబోయింది. నవ్వు రాలేదు. ముసలామె మతి తప్పుతోందేమో అనుకుంది. అనుకోవడానికి అది సులువైన మాట.

కానీ మతికి వాసన ఉండదు.

మరుసటి రోజూ అంతే. బిడ్డ నోట్లో అదే తీపి వాసన. మూడో రోజూ అంతే. ఆ రోజు నుంచి మాత్రం బయమ్మ మధ్యాహ్నం ఊసు ఎత్తలేదు. అడిగితే, "గంజి పోసినా" అని గోడ వైపు తిరిగేది.

చెరువులో, నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు, గంగరత్న పక్కింటి మారెక్కను అడిగింది.

"అక్కా, మన ఊర్లో పాలిచ్చే తల్లులు ఎవురుండారు?"

మారెక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆలోచించింది.

"ఈరప్ప కోడలు బాలింత, పుట్టింటికాడ ఉండాది. ఓబన్న పెండ్లాం పాలు మాన్పించి యాడాదాయె. నువ్వే. ఇంకెవురు?"

"అంతేనా?"

"గొర్రెలోల్లు చెరువు కింద దిగిండ్రి కదా, వాళ్ళలో ఒకామెకు కాన్పాయెనంట. బిడ్డ దక్కలేదంట. వాళ్ళూ మేపు దొరక్క ఎప్పుడో పోయినారు."

"ఆ తల్లి?"

"వాళ్ళతోనే పోయింటాది. లేకుంటే…" మారెక్క మాట మింగింది. "ఎందుకమ్మీ ఇయన్నీ?"

"ఊరికే."

ఊరికే — అని గంప ఎత్తుకుంది. ఆ రోజంతా గంప బరువు తెలియలేదు. వీపు వెనక ఎవరో నడుస్తున్నట్టు ఉంది. తిరిగి చూస్తే మారెక్క. మళ్ళీ తిరిగి చూస్తే ఎర్రటి ధూళి.

బిడ్డ ఎదుగుతోంది.

మణికట్టు దగ్గర మడత పడింది. బుగ్గలు నిండాయి. ఊళ్ళో పశువుల ఎముకలు బయటపడుతుంటే, పెద్దవాళ్ళ బొమికలు తేలుతుంటే, ఆ ఇంట్లో ఒక్క ప్రాణం మాత్రం నున్నగా, మెత్తగా, తడిగా ఎదుగుతోంది.

గంగరత్న సాయంత్రం పూట బిడ్డ వేళ్ళు విప్పి చూసేది. పిడికిట్లో ఒకసారి పొడుగాటి వెంట్రుక దొరికింది. తన జుట్టుతో పోల్చి చూసుకుంది.

తనదే అయివుండొచ్చు.

కాకపోయీ ఉండొచ్చు.

ఆ మరునాడు ఆమె బిడ్డను ఇంట్లో వదల్లేదు. బయమ్మ వద్దన్నా వినలేదు. చీరలో చుట్టి పనికాడికి ఎత్తుకుపోయింది. కట్ట కింద ఒక కానుగ చెట్టుంది, ఆకు సగం రాలింది. కొమ్మకు చీర కట్టి బిడ్డను పడుకోబెట్టింది.

గాలి ఉయ్యాలను ఊపింది. మట్టి బిడ్డ కళ్ళల్లో పడింది.

బిడ్డ ఏడ్చింది. పొద్దు నడినెత్తికి రాకముందు నుంచి ఏడ్చింది. గంగరత్న మూడుసార్లు వచ్చి రొమ్మిచ్చింది. మూడుసార్లూ బిడ్డ లాగి, వదిలి, వెనక్కి విరుచుకుపడింది. పని చూసే మేస్త్రీ చెన్నప్ప మంచి మనిషే. కట్ట మీద నుంచి కేకేశాడు.

"బిడ్డకి ఆకలమ్మా. ముందు పాలియ్యి. గంపలు యాడికీ పోవులే."

అందరూ తిరిగి చూశారు.

"ఇస్తాండానన్నా" అంది గంగరత్న. వాళ్ళకు వీపు పెట్టి కూర్చుంది. కొంగు కప్పుకొని, ఏమీ లేని రొమ్మును బిడ్డ నోటికి ఆనించి, ఇస్తున్నట్టే చాలాసేపు కూర్చుంది. తాగించినట్టే వీపు తట్టింది.

పొద్దు వాలేసరికి బిడ్డ ఏడవడం మానింది. నోరు మాత్రం తెరుస్తోంది, మూస్తోంది… తెరుస్తోంది, మూస్తోంది… గూట్లో పిట్టపిల్ల లాగా.

తెల్లవారి బిడ్డను మళ్ళీ ఉయ్యాలలో వేసింది. అత్తకు చెప్పి పనికి పోయింది. పొద్దు నడినెత్తికి రాగానే, మారెక్కకు కడుపు నొప్పని చెప్పి, గంప అక్కడే వదిలి ఇంటి దారి పట్టింది.

దారిలో గాలి ఆగింది.

ఒక్కసారిగా ఆగింది. చెవుల్లో ఇన్నాళ్ళూ ఉన్న హోరు తీసేసినట్టయింది. ఊరు ఊరంతా తలుపులు మూసుకొని ఉంది. కుక్క లేదు, కోడి లేదు. తన నీడ తన కాళ్ళ కిందే ముడుచుకొని ఉంది. తన అడుగుల చప్పుడు తనకే మరెవరివో అడుగుల్లాగా వినబడింది.

ఇంటి తలుపు ఓరగా తీసి ఉంది.

మాట్లాడకుండా గడప దాటింది. మిద్దె కప్పులోని గవాక్షం నుంచి ఎండ నిట్టనిలువుగా నేల మీద పడుతోంది. దాని పక్కనే బయమ్మ, ఉయ్యాల తాడు పట్టుకొని. నీడ కదిలినట్టు తెలిసి తలెత్తింది.

"వస్తివా తల్లీ? దా."

ఆ గొంతు గంగరత్న ఎప్పుడూ విననిది. తనతో మాట్లాడే గొంతు కాదు. మెత్తగా, లోపలి నుంచి వస్తున్న గొంతు.

"నిన్న వచ్చి చూసి పోయింటావు. బిడ్డను వాళ్ళమ్మ పనికాడికి ఎత్తుకపోయె. పస్తుండె బిడ్డ దినమంతా. దా, కూచో."

గంగరత్న వెళ్ళి కూర్చుంది. బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. ఎందుకలా చేసిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు. ఆ ఇంట్లో, ఆ పూటకు, రావాల్సిన మనిషి తను కాదు. ఆ వేరే మనిషి చోట్లో తను కూర్చుంది.

"మా కోడలికి చెప్పలేదులే నేను" అంది బయమ్మ. "చెప్తే కుమిలిపోతాది. మంచి పిల్ల. దానికి కడుపుకి లేదు, పాలు యాన్నుంచి వస్తాయి? తాను తినే ముద్దలో సగం నా గిన్నెలో ఏస్తాది, నాకు కనపడదనుకుంటాది. చేతికి తెల్దా?"

గంగరత్న పెదవి కొరుక్కుంది.

"నువ్వెవురని నేనడగలేదు. అడగను. తల్లివి. అంతే." ముసలామె చెయ్యి చాపింది. తడుముకుంటూ వచ్చి గంగరత్న మణికట్టు మీద ఆగింది. "ఈ పొద్దు నీ చెయ్యి కాల్తాండాదేమి? ఎప్పుడూ బాయినీళ్ళ మాదిరి సల్లగుండేది కదా…"

చెయ్యి కిందికి జారింది. అరచేతిలో గంప మోసి కాసిన కాయలు తగిలాయి.

ఆగిపోయింది.

బిడ్డ రొమ్మును వెతుక్కుంటూ కదులుతోంది. బయమ్మ పొర కమ్మిన కళ్ళు గంగరత్న మొహం మీదే ఉన్నాయి.

అప్పుడు బయట అడుగులు.

తొందర లేని అడుగులు. వట్టి కాళ్ళు వేడి నేల మీద నడుస్తున్న చప్పుడు. వాకిట్లోకి వచ్చాయి. గడప అవతల ఆగాయి. తలుపు సందులో పడే వెలుతురు సన్నబడింది.

గంగరత్న తల తిప్పలేకపోయింది. ఒళ్ళో బిడ్డ మాత్రం తల తిప్పింది. తలుపు వైపు తిరిగి —

నవ్వింది.

"ఈ పొద్దుకి పో తల్లీ" అంది బయమ్మ, గడప వైపు. "బిడ్డ వాళ్ళమ్మ వచ్చినాది."

కొంచెంసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత వెలుతురు మళ్ళీ వెడల్పయింది.

గంగరత్న బిడ్డను అత్త ఒళ్ళో పెట్టి బయటికి పరిగెత్తింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఖాళీ. ఎండలో దూరపు గుట్టలు నీళ్ళలా వణుకుతున్నాయి. మూల తిరిగే కొంగు లేదు. మట్టిలో పాదాల గుర్తులు ఉన్నాయో లేవో — ఊరంతా నడిచే దారి అది.

గడప ముందు పరిచిన బండ మీద మాత్రం రెండు చుక్కలు.

తెల్లటివి.

ఆమె చూస్తుండగానే ఎండకు ఒకటి ఇంకిపోయింది. రెండోదాన్ని వేలితో అద్ది, నాలుక మీద పెట్టుకుంది.

వెచ్చగా ఉంది. తియ్యగా ఉంది.

లోపలికి వచ్చి గోడకు జారగిలబడింది.

"ఎవరత్తా ఆ యమ్మ?"

"తెల్దు."

"మనిషేనా?"

బయమ్మ బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ పొట్ట ఖాళీగా ఉంది.

"ఆ యమ్మకి పాలుండాయి. నాకంతే తెలుసు."

ఆ సాయంత్రం బిడ్డ ఏడ్చింది. గంగరత్న ఎత్తుకొని తిరిగింది. రొమ్మిచ్చింది, గంజి పోసింది, భుజాన వేసుకొని పాడింది. బిడ్డ ఆమె భుజం మీదుగా తలుపు వైపే చూస్తూ ఏడ్చింది. ఈ చేతులు వద్దన్నట్టు కాదు. ఇంకో రెండు చేతులు కూడా ఉండాలన్నట్టు.

తన బిడ్డ. ఇంకెవరి పాలతోనో నిండుతున్న బిడ్డ.

కోపం వచ్చింది. భయం వచ్చింది. ఆ రెండూ పోయాక, ఇంకోటి కళ్ళముందుకు వచ్చింది. బిడ్డ దక్కక, పాలు ఆగక, ఎండలో ఇల్లిల్లూ చూసుకుంటూ నడిచే ఒక ఆడమనిషి. నిండిపోయి నొప్పెట్టే రొమ్ములు. ఇటుపక్క ఎండిపోయి నొప్పెట్టే రొమ్ములు.

బతికున్న మనిషైనా అంతే. కాకపోయినా అంతే.

తెల్లవారింది. గంగరత్న బిడ్డకు ఉన్న కాసిని పాలూ ఇచ్చింది. ఉయ్యాలలో వేసింది. మొహం మీద మట్టి పడకుండా పలచటి గుడ్డ కప్పింది. గంప చంకన పెట్టుకొని గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

చాలాసేపు నిలబడింది.

"అత్తా."

"ఊఁ."

"మద్యాన్నం వస్తా."

రాదని ఇద్దరికీ తెలుసు.

బయమ్మ చేతిలో తాడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"రా తల్లీ" అంది, నిన్నటి ఆ మెత్తని గొంతుతో. "వాకిలి తీసే పెడ్తా."

చెరువులో ఆ రోజు గంగరత్న అందరికంటే ఎక్కువ మట్టి మోసింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. మారెక్క సద్ది మూట విప్పుతూ తినడానికి పిలిచింది. మారెక్క కూర్చున్న చోటి నుంచి పల్లెకు పోయే దారి మొత్తం కనబడుతుంది.

గంగరత్న వచ్చి ఆ దారికి వీపు పెట్టి కూర్చుంది.

ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది.

"ఎవురో పోతాండారే ఊర్లోకి, ఈ ఎండలో" అంది మారెక్క, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకొని. "ఎవురై ఉంటారబ్బా?"

గంగరత్న తిరిగి చూడలేదు.