మూడు మూలలు తెగిన పలక

తెల్లవారి అరుగు కడగడానికి బయటికొచ్చిన సైదమ్మ, పందెపు పలకకు మూడు మూలలు లేకపోవడం చూసి చేతిలోని చెంబు జారవిడిచింది.

"యాడుండావు? బిన్నా రా! ఎవరో పలక నాశనం చేసినారు!"

ఆమె మొగుడు రసూల్ సాహెబ్ టీ పొయ్యి వదిలి పరుగెత్తుకొచ్చాడు. ఓర్వకల్లులో బస్సులు ఆగే చోట, వాళ్ల హోటలు ముందర అరుగు మీద పరిచిన కడప బండ అది. దాని మీద ఉలితో గీసిన గడులు, అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. మూడు చివరల్లో ఒక్కొక్క గడి, గీత వెంబడి కొట్టినట్టు ఎగిరిపోయింది. ముక్కలు దుమ్ములో పడున్నాయి.

పందెం ఆ పొద్దే. రసూల్ ఓడితే హోటలు ఎత్తేసి ఆ చోటు ఊరి మోతుబరి పెద్ద ఈరన్నకు వదలాలి. ఈరన్న ఓడితే, బండలాగుడు పోటీల్లో పేరు తెచ్చిన తన ఎద్దుల జతను రసూల్ ఇంటికి తోలాలి. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఆ రోడ్డు మీద జీపులు పెరిగాయి. ప్రతి జీపూ రసూల్ హోటలు ముందే ఆగుతోంది. ఈరన్నకు అది కంట్లో నలుసు. ఊళ్లో ఏది బాగున్నా అది తనదై ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. ఆయనకున్న సిద్ధాంతం అదొక్కటే.

ఆట రసూల్ తెచ్చిందే. పట్టాళంలో ఉండగా బర్మా వైపు నేర్చుకున్నాడు. బిళ్ళలు కొబ్బరి చిప్పలతో చేసినవి, ఒక వైపు నలుపు, ఒక వైపు సున్నం. ఎదుటివాడి బిళ్ళలకు వరసలో రెండు కొసలా మన బిళ్ళలుంటే, మధ్యలో ఇరుక్కున్నవన్నీ తిరగబడి మన రంగవుతాయి. అలా ఇరికించే వీలున్న గడిలోనే బిళ్ళ పెట్టాలి. చివరికి ఎవరి రంగు ఎక్కువుంటే వాళ్లది గెలుపు.

కొత్తవాళ్లకు రసూల్ ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. "మొదట్లోనే ఎక్కువ తిప్పొద్దప్పా. నీవి ఎన్ని ఎక్కువుంటే ఎదుటోనికి అన్ని దారులు. మూల దొరికితే వదలొద్దు. దానికి అవతల గడి లేదు గదా, మూలలోదాన్ని ఎవుడూ తిప్పలేడు. మూల పక్కన మాత్రం తొందరపడి పెట్టొద్దు. పెట్టినావంటే ఎదుటోనికి ఆకేసి వడ్డించినట్టే."

"పిరికోని ఆట!" అనేవాడు ఈరన్న. విందులో పప్పన్నంతోనే కడుపు నింపుకుని, ఓళిగలొచ్చేసరికి గుటకలు మింగే మనిషి ఎలా ఆడతాడో ఈయనా అలాగే ఆడేవాడు. మొదటి ఎత్తు నుంచే దొరికినన్ని తిప్పేసి తొడ కొట్టుకునేవాడు. ఎదురుగా కూర్చునేది తన జీతగాళ్లే. వాళ్లు ఓడకపోతే జీతం ఉండదు. అలా అందరినీ గెలిచిన ధైర్యంతో పందెం కాశాడు. తర్వాత రసూల్‌తోనే నాలుగాటలు ఆడి చూసుకున్నాడు. ప్రతిసారీ ఏదో ఒక మూల రసూల్ చేతికి పోయేది, అక్కణ్నుంచి పలకంతా తెల్లబడేది.

"ఆ మూలలే లేకుంటే నేను గెల్చకపోదునా!" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఈ తెలివి గల మనిషే, ఎవడో బైరాగి ఈశాన్యంలో బరువుండకూడదంటే, కొత్తగా కట్టించిన గాదెను పడగొట్టించాడు.

పందేనికి పెద్దమనిషి గాబ్రియేలు, హెడ్డు కానిస్టేబులుగా చేసి దిగిపోయినవాడు. ఆయన విరిగిన ముక్కలు ఏరి చూస్తుండగా ఈరన్న మనుషులతో దిగాడు.

"అయ్యయ్యో! కోతులు పడినట్టుండాయి సాహెబూ."

"కోతులా?" అంది సైదమ్మ. "సుత్తె పట్టుకుని గీత తప్పకుండా కొట్టే కోతులు ఏ కొండలో ఉండాయప్పా?"

ఈరన్న వినిపించుకోలేదు. "పోనీలే. ఉన్న గడుల్లోనే ఆడదాం. మూలలు లేకుంటే ఏం మునిగింది?"

గట్టు మీద జానెడు జాగా కోసం కర్నూలు కోర్టు దాకా పోయిన మనిషి, ఇంత సులభంగా సర్దుకుపోవడం గాబ్రియేలు గమనించాడు.

"వద్దు," అంది సైదమ్మ మొగుడితో. "పొయ్యి మన కూడప్పా. ఈ కుంటి పలక మీద దాన్ని పెడతావా?"

రసూల్ విరిగిన అంచు వెంబడి కాసేపు వేలు పోనిచ్చాడు. తర్వాత నవ్వాడు. "ఆడదాం అన్నా. నాకు సమ్మతమే."

ఈరన్న ఎప్పటిలాగే విరుచుకుపడ్డాడు. పలక నల్లబడింది. జీతగాళ్లు ఈలలు వేశారు. రసూల్ ఒకటి, రెండు మాత్రమే తిప్పుతూ పోయాడు. పోనుపోను ఈరన్నకు పెట్టడానికి మంచి గడి లేకుండా పోయింది. చెడ్డవాటిలో ఒకటి పెట్టక తప్పలేదు. వెంటనే రసూల్, విరిగిన మూల పక్కనే తెల్ల బిళ్ళ ఆనించాడు.

ఈరన్న తల అటు వంచాడు, ఇటు వంచాడు. "దీన్ని తిప్పేదెట్ల?"

"తిప్పలేవన్నా. అవతల గడి యాడుండాది? నిన్నటి దాకా ఆడ ఒకటే మూల. అది ఎగిరిపోయినాక దాని పక్కనున్న రెండు గడులూ మూలలైనాయి. కొట్టినోడు ఎవుడో గానీ, మూడు పీకి ఆరు నాటినాడు."

జీతగాళ్లలో ఒకడికి నవ్వాగలేదు. ఈరన్న చూపుకి దగ్గు నటించాడు. విరగకుండా మిగిలిన మూల ఒక్కసారి ఈరన్నకే ఊరికే దొరికింది. ఆయన దాన్ని ముట్టలేదు. తర్వాతి ఎత్తులో రసూల్ దాన్నీ తీసుకున్నాడు. ఆట ముగిసేసరికి నల్ల బిళ్ళలు వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఆట సాహెబుది," అన్నాడు గాబ్రియేలు. "ఒక్క మాట ఈరన్నా. ఆ మిగిలిన మూల నీకు దొరికె గదా, ఎందుకు పెట్టకపోతివి?"

"ఈశాన్యమప్పా అది!" ఈరన్న కసిరాడు. "ఈశాన్యం మీద బరువు పెడతారా ఎవరన్నా?"

"పెట్టరు. ఈశాన్యం తెగితే?"

"వంశానికే చేటు."

"కొట్టినోనికీ అదే భయం. మూడు కొట్టి, ఈశాన్యం వదిలినాడు. ఈశాన్యానికి భయపడి గాదె పడగొట్టినోళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉండారప్పా?"

జనం అంతా ఈరన్న వైపు తిరిగారు. జీతగాళ్లు కూడా తిరిగారు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఆయన అరుగు మీద చతికిలబడ్డాడు.

"నేనే కొట్టినా. తెల్లారకముందే సాహెబు నమాజుకు పాయె, సైదమ్మ నీళ్లకు పాయె, అప్పుడు కొట్టినా. మూలల వల్లనే ఓడిపోతాండా గదా, మూలలే లేకుంటే ఎట్ల ఓడిపోతా అనుకున్నా. నాలుగోదాని మీద గూడా సుత్తె ఎత్తినా. ఎత్తినాక యాదికొచ్చె, ఈశాన్యమని. సుత్తె దించేసినా. ఎద్దులను తోలిస్తాలే, తప్పేదేముంది. ఒక్కటి మాత్రం నిజం చెప్పు సాహెబూ, ఆ నాలుగోది గూడా కొట్టింటే నేను గెల్చేవాణ్నే గదా?"