మందు వాసన లేని నీళ్లు

మూడోసారి కూడా సీసా నల్లబడింది. హేమలత దాన్ని కిటికీలో పెట్టి నుదురు కొట్టుకుంది.

పలాసలో రైలు గేటు అవతలి కాలనీకి ఆమె నర్సు. నీళ్ల పరీక్షకని పైనుంచి ఇచ్చిన చిన్న గాజుసీసా అది. కుళాయి నీళ్లు పట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే, విరేచనాలు తెచ్చే క్రిములున్న నీళ్లు నల్లగా మారతాయి. మారక చస్తాయా? ధార సన్నగా వస్తోందని కాలనీవాళ్లు రోడ్డు పక్కన గొయ్యి తవ్వి, అందులోకి కుళాయి దించుకున్నారు. ఆ గోతిలోకి కాలువ మురుగు దిగుతుంది. నీళ్లు కట్టేసినప్పుడల్లా పైపు ఆ మురుగునే లోపలికి పీల్చుకుంటుంది.

గొయ్యి పూడ్చమంటే వినరు. పోనీ ట్యాంకులో బ్లీచింగ్ పౌడరైనా వెయ్యమంటే, ట్యాంకు చూసే అప్పలసూరి వెయ్యడు. మొదట్లో ఒకసారి వేశాడు మహానుభావుడు. డబ్బాడు పొడి అలాగే గుమ్మరించేశాడు. ఆ రోజు కాలనీలో టీ కూడా మందు కంపు కొట్టింది. అంతే, జనం అతని మీద కత్తి కట్టారు. అందరికంటే ముందు అతని సొంత అక్క ధనమ్మ.

ధనమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. వాళ్లది కంచిలి దగ్గర పల్లె. మొగుడు కిడ్నీలు పాడై చనిపోయాడు. ఎందుకు పాడయ్యాయో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. నీళ్లలోనే ఏదో ఉందని ఆమె గట్టిగా నమ్మింది. కొబ్బరిచెట్లు వదిలేసి, కొడుకునీ కోడలు భవానినీ వెంటబెట్టుకుని పలాస వచ్చి, జీడిపిక్కలు కొట్టే పనికి కుదిరింది. భవానికి ఇప్పుడు ఏడో నెల.

"ఆ మందు తాగితే కిడ్నీలు పోతాయి. మళ్లీ ఒకల్ని కాటికి పంపుకోమంతావేటి?" అని తమ్ముడి చేత ఒట్టు వేయించుకుంది.

హేమలత ఎంత చెప్పిందో! పొడిని బకెట్టులో కలిపి, తేరనిచ్చి, పై తేట కొలత ప్రకారం పోస్తే వాసనే తెలీదని అప్పలసూరికి దగ్గరుండి చూపించింది. నల్ల సీసా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టవుతుందని ధనమ్మ సామెత చెప్పి పంపేసింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

విసుగెత్తి పై ఆఫీసుకు రాసింది. పదిహేను రోజులకు ఒకాయన తీరిగ్గా వచ్చి నీళ్లు పట్టుకెళ్లాడు. ఆ వారంలోనే కాగితం వచ్చింది. కాలనీ నీరు తాగడానికి పనికొస్తుందట! హేమలతకు ఒళ్లు మండిపోయింది. ధనమ్మ మాత్రం ఆ మాట వీధంతా చాటింది. మందు లేని నీరే మంచిదని గవర్నమెంటే రాసిచ్చిందంది.

నాలుగు రోజులకే భవానిని విరేచనాలతో టెక్కలి ఆస్పత్రిలో చేర్చారు. తెల్లవారినప్పటినుంచి కడుపులో బిడ్డ కదలడం లేదని కబురు తెలిసి హేమలత దొరికిన మొదటి బస్సుకే వెళ్లింది. సెలైను ఎక్కుతోంది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది గానీ, తల్లి ఒంట్లో నీరు ఇంకా తగ్గితే తను చెప్పలేనని డాక్టరమ్మ అంది. అప్పలసూరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

భవాని పెదాలు తడుపుకుని దాహమంది. ధనమ్మ గబగబా సంచీలోంచి ప్లాస్టిక్ సీసా తీసింది. ఆస్పత్రి నీళ్లు మందు కంపు కొడుతున్నాయని, కాలనీ కుళాయి నీళ్లే పట్టి తెచ్చిందట.

హేమలత ఆ సీసా లాగేసుకుంది. ఇంత జరిగాక కూడా ఇవేనా అని నోటికొచ్చినట్టు తిట్టింది. ధనమ్మ తగ్గలేదు. ఆఫీసరే మంచి నీళ్లని రాశాడు కదా, నువ్వెవరివని ఎదురు తిరిగింది.

అప్పుడు అప్పలసూరి అక్కవైపు తిరిగి నోరు విప్పాడు.

"ఆఫీసరొచ్చిన దినాన నాను మందేసినానప్పా. ఉజ్జోగం పోద్దని బయమేసి, నర్సమ్మ సూపించినట్టే బకెట్లో కలిపి పోసినాను."

ధనమ్మ నమ్మలేదు. ఆ రోజు నీళ్లు తాను కడుపారా తాగానని, ఏ వాసనా లేదని, ఎంతో బాగున్నాయని అంది.

"నువ్వు తాగిన అయ్యే మందు నీళ్లు," అన్నాడు అప్పలసూరి.

"మరి రోజూ అలాగెందుకు ఎయ్యనేదురా?"

"నువ్వే గదప్పా ఒట్టేయించుకున్నావు."

హేమలతకు ఇంకా నాలుగు మాటలు నాలిక చివరిదాకా వచ్చాయి. ధనమ్మ మొహం చూసి మింగేసింది.

ధనమ్మ లేచి హేమలత చేతిలోంచి సీసా తీసుకుని వరండాలోకి నడిచింది. నీళ్లన్నీ తూములో ఒంపేసి, సీసా రెండుసార్లు కడిగి, ఆస్పత్రి కుళాయి కింద పెట్టింది. మందు కంపు గుప్పున కొట్టింది. ఆమె కళ్లు మూసుకుని ముందు తాను రెండు గుక్కలు మింగింది. తర్వాత లోపలికి వచ్చి కోడలి తల ఎత్తి పట్టుకుంది.