నలభై ఒకటో పేజీలో మేక

నేను ఒక తప్పుల పుస్తకాన్ని. ఈ ముక్క నేనే చెప్పుకోవడం నయం. మనుషులు చెబితే ఇంకో పది కలిపి చెబుతారు. నా పేరు ‘ఇంట్లోనే తాయ్ చీ: ముప్పై రోజుల్లో సంపూర్ణ ఆరోగ్యం’. తొంభై ఆరు పేజీలు. అట్ట మీద ఒక చైనా తాత ఆ నెమ్మది కసరత్తు చేస్తూ ఒంటికాలి మీద నిలబడి నవ్వుతూ ఉంటాడు. నన్ను రాసినాయన జన్మలో చైనా చూడలేదు. బెజవాడలో ఒక మేడగదిలో, నడుంనొప్పికి బెల్టు బిగించుకుని, పడకకుర్చీలో వాలి, ఎవరో ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగు చేశాడు. ‘నిటారుగా నిలబడండి’ అన్న మాట నాలో నూట పన్నెండు చోట్ల ఉంది. అది రాసినన్నాళ్ళూ ఆయన నిటారుగా నిలబడ్డ పాపాన పోలేదు.

ఇక ప్రూఫులు దిద్దినాయన కళ్ళజోడు సరిగ్గా ఆ వారమే మరమ్మతుకి వెళ్ళింది. అచ్చయ్యాక చూసుకుంటే ఇరవై ఏడు తప్పులు. లబోదిబోమని చివర ఒక కాగితం మీద తప్పొప్పుల పట్టిక వేసి అంటించారు. తెలుగు పుస్తకంలో తప్పొప్పుల పట్టిక పెళ్ళిలో ఇచ్చే తాంబూలం సంచీ లాంటిది. అందరూ అందుకుంటారు, ఎవరూ విప్పి చూడరు.

నన్ను మొదట కొన్నది కాకినాడలో ఒక బ్యాంకు మేనేజరు. డాక్టరు బీపీ చూసి పెదవి విరిచిన సాయంత్రమే కొన్నాడు. పడుకుని ముందుమాట చదివి, ‘అబ్బ, ఎంత హాయిగా ఉంది’ అని నిద్రపోయాడు. అక్కడితో ఆయన సాధన సమాప్తం. తర్వాత నాలుగేళ్ళు ఫ్రిజ్ కాలు కింద ఎత్తుగా ఉన్నాను. ఆ ఇంట్లో నా వల్ల నిలకడ నేర్చుకున్నది ఆ ఫ్రిజ్ ఒక్కటే. ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లవాడికి వేసేశారు. వాడి కొట్లో ఎవరో నా ఆఖరి కాగితం చింపి వేరుశనగకాయలు పొట్లం కట్టారు. తప్పులు నాకు మిగిలాయి, ఒప్పులు పల్లీలతో పోయాయి.

అక్కణ్ణించి సామర్లకోట స్టేషను రోడ్డులో పాత పుస్తకాల గోనెపట్టా మీదికి చేరాను. అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్నవాడే అబ్బులు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో, మలుపుల్లో కూడా, రాడ్డు ముట్టకుండా నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. రిటైరై ఏడాది తిరక్కుండా తలతిరుగుడు పట్టుకుంది. ఒకరోజు పెద్దాపురం బస్సులో బ్రేకు పడేసరికి నలుగురి ముందూ బోర్లా పడ్డాడు. దెబ్బ మోకాలికే తగిలింది గానీ నొప్పంతా పరువుకి. ఆనాటి నుంచీ భార్య నూకరత్నం ఆయన మోచెయ్యి వదలలేదు. కిళ్ళీకొట్టుకి వెళ్ళినా పట్టుకునే నడిపించేది. ఆయన బస్సు ఎక్కడమే మానేశాడు. ఎవరి చెయ్యీ పట్టకుండా, రాడ్డు ముట్టకుండా, మళ్ళీ ఒక్కసారి పెద్దాపురం దాకా నిలబడి వెళ్ళాలి. నన్ను కొన్నది అందుకే.

మర్నాడు పొద్దున్నే డాబా మీద సాధన మొదలైంది. వీధిలో సగం మంది తాయ్ చీ అంటే తాయెత్తనుకుని, ఏ గురువు గారు కట్టారని అడిగారు. మిగతా సగం, ముసలాడు ఈ వయసులో తైతక్కలు మొదలెట్టాడన్నారు. అబ్బులు పట్టించుకోలేదు. టికెట్లకి యంత్రాలు వచ్చాక మూలపడిన పాత పంచ్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఏ భంగిమ కుదిరితే ఆ పేజీకి టక్కున ఒక చిల్లు కొట్టేవాడు. చిల్లు పడితే ఆ ప్రయాణం అయినట్టు. నా ఒళ్ళు జల్లెడవుతున్నా, నిజం చెప్పొద్దూ, నాకు పొంగిపోయేంత సంతోషంగా ఉండేది. నన్ను పూర్తిగా చదివినవాడు అప్పటికి ఆయనొక్కడే. ప్రూఫులాయన్ని నేను లెక్కలో వేసుకోను.

పద్దెనిమిదో పేజీ దగ్గర మాత్రం ప్రాణం మీదికొచ్చింది. ‘నెమ్మదిగా ఊపిరి వదలండి’ అని ఉండాల్సిన చోట నాలో ‘వదలకండి’ అని పడింది. ఒక్క ‘క’ చేసిన నిర్వాకం. అబ్బులు రూలు తప్పని మనిషి. ఊపిరి బిగబట్టి, మొహం వంకాయ రంగుకి తిరిగినా వదల్లేదు. బట్టలు ఆరేస్తున్న నూకరత్నం పరిగెత్తుకొచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది.

“చదవేస్తే ఉన్న మతి పోయిందంట. ముందు ఊపిరి వదలండి. పుస్తకానికి నేను జవాబు చెప్పుకుంటాను,” అంది.

ఆ తర్వాత నలభై ఒకటో పేజీ. పెద్దక్షరాల్లో ‘మేకల్లా చేతులు కదపండి’. అబ్బులు రెండు రోజులు ఆలోచించాడు. మేకకి చేతులెక్కడివి? అయినా చైనావాళ్ళు ఊరికే అనరు కదా. మూడో రోజు పక్కింటి అప్పలకొండ మేక పిట్టగోడ ఎక్కి, నాలుగు గిట్టలూ జానెడు చోటులో పెట్టి నిలబడటం చూశాడు. చూస్తుండగానే అది వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి గాల్లో ఆడిస్తూ మునగాకు అందుకుంది. తూలలేదు, పడలేదు. ఆ రోజు నుంచీ అది ఆయనకి గురువు. గురుదక్షిణగా రోజూ ఒక అరటిపండు తొక్క.

రెండు నెలల్లో ఆయన నడక మారింది. అది చూసి వీధివాళ్ళు ఒక్కొక్కరే చేరారు. డాబా చాలక పద్నాలుగు మంది మునిసిపల్ పార్కుకి మారారు. నడివయసు పెద్దమనుషులంతా పొద్దున్నే వరసగా నిలబడి మేకల్లా ముందు కాళ్ళు ఆడిస్తుంటే, పాలవాడు సైకిలు దిగి నమస్కారం పెట్టాడు.

అప్పుడు వచ్చారు కామేశం మాస్టారు. రిటైరైన తెలుగు పండితులు. ఆయన దగ్గర నా తోటి ప్రతి ఒకటి ఉంది, ఆఖరి కాగితంతో సహా. పార్కు మధ్యలో నిలబడి, పద్యం చదివినట్టు చదివారు.

“నలభై ఒకటో పేజీ, మూడో పంక్తి. మేకల్లా, తప్పు. మేఘాల్లా, ఒప్పు.”

ఇంకేముంది, చీలిపోయారు. మేఘపక్షం వాళ్ళు నీడ ఆక్రమించారు. మేకపక్షం ఎండలో మిగిలింది. రెండు పక్షాలకీ అధ్యక్షులు, గౌరవాధ్యక్షులు, కార్యదర్శులు వచ్చారు. వారం తిరిగేసరికి పదవి లేనివాడు పార్కులో లేడు, చెయ్యి కదిపేవాడూ లేడు. నేను నోరున్నదాన్ని కాదు గానీ, ఉంటే రెండు పక్షాలనీ కలిపి తిట్టి ఉండేదాన్ని.

అబ్బులు మాత్రం కుంగిపోయాడు. ఇన్నాళ్ళూ తప్పు బస్సులో కూర్చున్నానన్నాడు. నన్ను గూట్లో పెట్టేశాడు. రెండు రోజుల్లో మళ్ళీ తూలడం మొదలైంది. మళ్ళీ నూకరత్నం మోచెయ్యి పట్టుకుంది. బస్సులో నిలబడి చూశాకే కొడదామని ఆగిన నలభై ఒకటికి చిల్లు పడనే లేదు. నాకు ఏడుపొచ్చింది. నా ఒంట్లో తప్పుకి ఆయన కాళ్ళు శిక్ష అనుభవిస్తున్నాయి.

నాలుగో రోజు నూకరత్నం నన్ను తీసి చేతిసంచిలో వేసుకుంది. పెద్దాపురంలో అక్కని చూడాలి, బస్సులో వెళ్దాం, పదండి అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“అది తప్పో ఒప్పో కాయితం చెప్పదండి,” అంది ఆవిడ. “బస్సు చెబుద్ది.”

బస్సు నిండుగా ఉంది. అబ్బులు నడవలో నిలబడ్డాడు. పాదాలు దగ్గరగా, మోకాళ్ళు కాస్త వంచి, చేతులు వదులుగా. నూకరత్నం ఆయన మోచేతి వెనక చెయ్యి చాపి ఉంచింది, తాకకుండా. ఊరు దాటాక గేదె ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు పడింది. నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. నూకరత్నం కూడా నాతో సహా ముందుకి తూలింది. పక్కనుంచి ఒక చెయ్యి, మునగాకు అందుకున్నంత తేలిగ్గా వచ్చి, ఆవిణ్ణి పట్టుకుంది. అబ్బులు నిలబడ్డచోటు నుంచి అంగుళం కదల్లేదు.

“చెయ్యి పట్టుకో రత్నం,” అన్నాడు.

ఆవిడ పట్టుకుంది. పెద్దాపురం వచ్చేలోగా రెండుసార్లు కొంగుతో కళ్ళు తుడుచుకుని, కిటికీలోంచి దుమ్మొస్తోందంది.

ఇంటికొచ్చాక ఆయన నన్ను తెరిచి, నలభై ఒకటో పేజీకి పంచ్ పెట్టి, ఒక్క నొక్కు నొక్కాడు. మర్నాడు కామేశం మాస్టారు రాజీకి వచ్చి ఆ పేజీ తిప్పారు. చిల్లు సరిగ్గా ‘మే’కీ ‘ల్లా’కీ మధ్య పడింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, వెలుగుకి పట్టుకుని, మధ్యలో అక్షరం ఏమైందని అడిగారు.

“దాని స్టేజీ వచ్చిందండి మాస్టారూ,” అన్నాడు అబ్బులు. “దిగిపోయింది.”

ఇప్పుడు నాలో ఇరవై ఆరు తప్పులే.