కుందేలుకు వదిలిన జాగా

ముందు పరిగెడుతున్న వేటకుక్క కోరపంటికి తెల్లరంగు అద్ది, బావ వెనక్కి జరిగి చూశాడు. దాని కోరల మధ్య కాన్వాసు అరచేయంత ఖాళీగా ఉంది. అది కుందేలుకు వదిలిన జాగా.

ఆ పనిగదిలో పద్ధతి అదే. కుక్కలు బావవి, కుందేళ్లు బావమరిదివి. కుక్కలు ఆరితేగాని కుందేలు దిగదు. హోటళ్లకూ, గొప్పవాళ్ల హాళ్లకూ ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి వేసిన వేట బొమ్మల్లో ఒక్క కుందేలూ దొరికిపోలేదు. కుక్క మూతికి బెత్తెడు ముందు, చెవులు వెనక్కి వాల్చి పరిగెడుతూనే ఉంటుంది.

ఈసారి హోటలు యజమాని పట్టుబట్టాడు. "వేటంటే దొరకాలయ్యా. నోట్లో కనబడాలి."

కిటికీ పక్క కుర్చీలో బావమరిది దుప్పటి కప్పుకుని దగ్గుతున్నాడు. చెంపలు పీక్కుపోయాయి. గోళ్ల సందుల్లో గోధుమరంగు మాత్రం పోలేదు.

"లేవరా. నీకోసం మా కుక్క పొద్దుట్నుంచీ నోరు తెరుచుకుని కూర్చుంది."

"పళ్లు తోమావా దానికి?"

"తోమాను. కావాలంటే వాసన చూసుకో."

బావమరిది నవ్వబోతే దగ్గు తెర అడ్డొచ్చింది. గోడ పట్టుకుని వచ్చి, ఆ ఖాళీని చాలాసేపు చూశాడు.

"నావల్ల కాదు బావా."

"చెయ్యి వణుకుతోందా? నేను పట్టుకుంటాలే."

"చెయ్యి బానే ఉంది. దాన్ని చంపడమే చేతకాదు."

"బొమ్మ వెనక్కొస్తే మీ అక్క మనిద్దర్నీ నమిలేస్తుంది. ఆ పళ్లు నేను వేసినవి కావు మరి!"

"అక్కతో నువ్వు పడు. నేనెలాగూ ఉండనుగా."

బావ విననట్టు కుంచెలు కడగసాగాడు.

బావమరిది కాన్వాసు కింది మూలకు వంగాడు. కంచె సందులోంచి దూరిపోతున్న రెండు వెనక కాళ్లు, ఒక తోక వేశాడు. మిగతా కుందేలు అంచు దాటేసింది.

"ఇది బతికింది," అని వెళ్లి కుర్చీలో వాలాడు.

టీ తెచ్చి పిలిస్తే పలకలేదు.

నాలుగు రోజులకు బావ పనిగది తలుపు తీశాడు. కుక్క ఇంకా నోరు తెరుచుకునే ఉంది. కుందేలు వేయడం అతనికి రాక కాదు. పక్కనుండి చూసీ చూసీ ఎప్పుడో వచ్చేసింది. కుంచె తీసుకుని, నెమ్మదిగా, కుక్క నోరు మూసేశాడు.

"నోట్లో ఏదయ్యా?" అన్నాడు యజమాని వస్తూనే.

"తప్పించుకుందండీ. మా బావమరిది వదిలేశాడు. నచ్చకపోతే బొమ్మ ఇక్కడే ఉంటుంది."

యజమాని ముఖం చిట్లించి బొమ్మంతా వెతికాడు. మూలన కాళ్లు దొరికాయి. ఆపుకోలేక నవ్వేశాడు.

"దొంగముండ! సరే, బండెక్కించు."

బొమ్మ వెళ్లిపోయింది. కిటికీ పక్క ఖాళీ కుర్చీ చేతి మీద సన్నకుంచె అలాగే ఉంది, కొసన గోధుమరంగు కుందేలు తోకలా గట్టిపడి.